అమెరికా సీజేఎస్ బిల్లు: నాసా, ఎఫ్‌బీఐ, సెన్సస్‌లకు డబ్బు ఎలా వస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

నాసా సైన్స్ పద్దుకు దాదాపు సగం కోత. యూనివర్సిటీ పరిశోధనలకు గ్రాంట్లిచ్చే నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు సగానికి పైగా కోత. 2025 మేలో ఈ వార్త చదివి, అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలున్న తల్లిదండ్రులకు టెన్షన్ పట్టుకుందంటే ఆశ్చర్యం లేదు. కానీ ఆ కోతలు పడలేదు. అవి వైట్‌హౌస్ అడిగిన అంకెలు మాత్రమే. ఎనిమిది నెలల తర్వాత వచ్చిన చట్టంలో అంకెలు పూర్తిగా వేరుగా ఉన్నాయి. ఈ వ్యవహారంలో ఏ అంకెను ఎప్పుడు నమ్మాలో తెలిస్తే సగం గందరగోళం పోతుంది.

సీజేఎస్ అంటే ఏమిటి?

కామర్స్, జస్టిస్, సైన్స్. ఈ మూడు రంగాల సంస్థలకు, వాటితో పాటు కొన్ని చిన్న సంస్థలకు ఏడాది ఖర్చులకు డబ్బిచ్చే బిల్లు ఇది. మన అసెంబ్లీల్లో ద్రవ్య వినిమయ బిల్లు అంటామే, ఆ జాతిదే. తేడా ఏమిటంటే మన దగ్గర అన్ని శాఖలకూ కలిపి ఒకటే ఉంటుంది, అమెరికాలో దాన్ని పన్నెండుగా విడగొట్టారు. వ్యవసాయానికి ఒకటి, రక్షణకు ఒకటి, హోంల్యాండ్ సెక్యూరిటీకి ఒకటి, ఇలా. సీజేఎస్ ఆ పన్నెండింటిలో ఒకటి.

వీటన్నిటికీ ఆధారం రాజ్యాంగంలోని ఒక వాక్యం. చట్టం చేసి కేటాయిస్తే తప్ప ఖజానా నుంచి డబ్బు తీయకూడదని మొదటి అధికరణం తొమ్మిదో సెక్షన్ చెబుతుంది. అధ్యక్షుడు ఎంత శక్తిమంతుడైనా ఈ వాక్యం దాటి పోకూడదు. పోవాలని చూసిన సందర్భాలు ఉన్నాయి, వాటి సంగతి కింద ఉంది.

ఇందులో ఏయే సంస్థలు వస్తాయి?

కామర్స్ అనగానే వ్యాపారం గుర్తొస్తుంది కానీ ఆ శాఖలో ఎక్కువ డబ్బు తినేది వాతావరణం, సముద్రాలు. తుపాన్లు, టోర్నడోల హెచ్చరికలిచ్చే నేషనల్ వెదర్ సర్వీస్, దాని మాతృసంస్థ నోవా ఈ శాఖలోవే. జనాభా లెక్కలు తీసే సెన్సస్ బ్యూరో, పేటెంట్ ఆఫీసు, కొలతలు, ప్రమాణాలు చూసే నిస్ట్, ఎగుమతులపై ఆంక్షలు అమలు చేసే బీఐఎస్ కూడా ఇక్కడే.

జస్టిస్ కింద ఎఫ్‌బీఐ, మాదకద్రవ్యాలపై పనిచేసే డీఈఏ, తుపాకుల వ్యవహారం చూసే ఏటీఎఫ్, యూఎస్ మార్షల్స్, ఫెడరల్ జైళ్లు, ఫెడరల్ ప్రాసిక్యూటర్లు, ఇమిగ్రేషన్ కోర్టులు వస్తాయి. ఫెడరల్ కోర్టులు మాత్రం ఇందులో రావు. సుప్రీంకోర్టు, జిల్లా కోర్టుల పద్దు వేరే బిల్లులో ఉంటుంది. ఇమిగ్రేషన్ జడ్జీలు న్యాయవ్యవస్థలో భాగం కాదు, జస్టిస్ శాఖ ఉద్యోగులు. అందుకే వాళ్ల జీతాలు ఇక్కడి నుంచి వస్తాయి.

సైన్స్ అంటే ప్రధానంగా నాసా, నేషనల్ సైన్స్ ఫౌండేషన్ (ఇకపై ఎన్‌ఎస్‌ఎఫ్). వైద్య పరిశోధనలకు డబ్బిచ్చే ఎన్‌ఐహెచ్ ఇందులో లేదు, అది ఆరోగ్య శాఖ బిల్లు. అణు ప్రయోగశాలలు ఇంధన శాఖ బిల్లులో ఉంటాయి. కాబట్టి 'అమెరికా సైన్స్ బడ్జెట్' అనే ఒక్క పత్రం ఎక్కడా దొరకదు.

చివర్లో చిన్న సంస్థలు ఉంటాయి. ఉద్యోగాల్లో వివక్ష ఫిర్యాదులు చూసే ఈఈఓసీ, పేదలకు సివిల్ కేసుల్లో న్యాయ సహాయానికి డబ్బిచ్చే లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్, వాణిజ్య ఒప్పందాలు చూసే యూఎస్‌టీఆర్ లాంటివి.

అంతరిక్షానికీ జైళ్లకూ ఏం సంబంధం? ఒకే బిల్లులో ఎందుకు పెట్టారు?

సంబంధం ఏమీ లేదు. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లోని కమిటీల సర్దుబాటు అది. 2005కు ముందు నాసా, ఎన్‌ఎస్‌ఎఫ్‌లు మాజీ సైనికుల శాఖ, గృహనిర్మాణ శాఖలతో కలిసి ఒక సబ్‌కమిటీ కింద ఉండేవి. 2005లో దాన్ని రద్దు చేసి, సైన్సును కామర్స్, జస్టిస్ పక్కన చేర్చారు. మొదట రెండు సభల్లో పంపకం ఒకేలా లేదు. ప్రతినిధుల సభ సబ్‌కమిటీ విదేశాంగ శాఖను కూడా తన దగ్గరే పెట్టుకుంది. 2007లో రెండు సభలూ ఒకే పద్ధతికి వచ్చాయి.

ఈ సర్దుబాటు ఫలితం మాత్రం చిన్నది కాదు. పన్నెండు సబ్‌కమిటీలకు ఏటా వాటాలు పంచుతారు. తన వాటాకు లోబడే సబ్‌కమిటీ సర్దుకోవాలి. ఉమ్మడి కుటుంబంలో ఒకరి ఆపరేషన్‌కు డబ్బు కావాల్సి వస్తే ఇంకొకరి ఇంటి మరమ్మతు వాయిదా పడుతుంది కదా, ఇక్కడా అంతే. ఫెడరల్ జైళ్లకు ఏటా 8 బిలియన్ డాలర్లకు పైగా కావాలి. నోవా మొత్తం పద్దు కంటే అది ఎక్కువ. ఎఫ్‌బీఐకి 10 బిలియన్లు దాటుతుంది. వీటిని ఒక్కసారిగా తగ్గించలేరు, ఖైదీలకు అన్నం పెట్టక తప్పదు. మిగిలినదాంట్లోనే టెలిస్కోపులూ, గ్రాంట్లూ.

పదేళ్లకోసారి జనాభా లెక్కలు వచ్చినప్పుడు ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. 2020 లెక్కలకు మొత్తం 14 బిలియన్ డాలర్ల దాకా అయింది. ఆ ఏడాది సెన్సస్ మిగతా సంస్థల వాటా మింగేయకుండా పరిమితి మీద అదనంగా 2.5 బిలియన్లు వాడుకునే వీలు కాంగ్రెస్ కల్పించింది. 2030 దగ్గరపడేకొద్దీ ఇదే పేచీ మళ్లీ వస్తుంది.

మొత్తం ఎంత డబ్బు?

ఇటీవలి సంవత్సరాల్లో 70–80 బిలియన్ డాలర్ల దరిదాపుల్లో ఉంటోంది. డాలరుకు 85 రూపాయల లెక్కన 75 బిలియన్లంటే 6.37 లక్షల కోట్లు. 2025–26కు ఆంధ్రప్రదేశ్ బడ్జెట్ 3.22 లక్షల కోట్లు, తెలంగాణది 3.05 లక్షల కోట్లు. రెండు రాష్ట్రాల బడ్జెట్లూ కలిపినా దీనికంటే కాస్త తక్కువే. అయినా అమెరికా ఫెడరల్ ప్రభుత్వ మొత్తం వ్యయంలో ఇది ఒక శాతం పైచిలుకు మాత్రమే. ఆ దేశంలో పెద్ద ఖర్చులు పింఛన్లు, వైద్యం, అప్పుల మీద వడ్డీ, సైన్యం. వడ్డీ, పింఛన్ల మీద ఏటా ఓటింగ్ ఉండదు, సీజేఎస్ మీద ఉంటుంది. కోత కోయాలనుకున్న ప్రతిసారీ కత్తెర ఇటు తిరగడానికి అదో కారణం.

అధ్యక్షుడు ప్రతిపాదించాక కాంగ్రెస్ చేసేది ఏముంటుంది? ముద్ర వేయడమేగా?

కాదు. మన పార్లమెంటు అలవాటుతో చూస్తే అలా అనిపిస్తుంది. మన దగ్గర ఆర్థిక మంత్రి చదివిన అంకెలే దాదాపు యథాతథంగా ఆమోదం పొందుతాయి, ఎందుకంటే సభలో మెజారిటీ ఉన్నవాళ్లదే ప్రభుత్వం. అమెరికాలో అధ్యక్షుడి బడ్జెట్ ఒక కోరికల చిట్టా. చట్టం ప్రకారం ఫిబ్రవరి మొదటి సోమవారానికల్లా పంపాలి, తరచూ ఆలస్యమవుతుంది.

ఆ తర్వాత అసలు పని సబ్‌కమిటీల్లో జరుగుతుంది. సంస్థల అధిపతులను పిలిచి ప్రశ్నిస్తారు, ముసాయిదా రాస్తారు, పూర్తి కమిటీకి పంపుతారు. ప్రతినిధుల సభ ఒక బిల్లు, సెనెట్ ఒక బిల్లు తయారుచేస్తాయి. రెండింటి మధ్య బేరం కుదిరి, ఒకే పాఠాన్ని రెండు సభలూ ఆమోదిస్తేనే అది అధ్యక్షుడి సంతకానికి వెళుతుంది. సెనెట్‌లో మామూలుగా 60 ఓట్లు కావాలి గనుక అధికార పార్టీ ఒక్కటే నెట్టుకుపోలేదు.

ఇదంతా అక్టోబర్ 1లోపు అయిపోవాలి, అమెరికా ఆర్థిక సంవత్సరం ఆ రోజు మొదలవుతుంది, దాన్ని ముగిసే ఏడాది పేరుతో పిలుస్తారు. అవుతుందా? 1977 ఆర్థిక సంవత్సరం నుంచి చూస్తే పన్నెండు (అప్పట్లో పదమూడు) బిల్లులూ గడువులోగా పూర్తయిన సంవత్సరాలు నాలుగే: 1977, 1989, 1995, 1997. ఇంత ముఖ్యమైన పనిలో ఇంత అధ్వానమైన రికార్డు ఉన్న చట్టసభ ఇంకోటి ఉంటుందా అనిపిస్తుంది.

2026 ఆర్థిక సంవత్సరంలో సరిగ్గా ఏం జరిగింది?

ఎన్‌ఎస్‌ఎఫ్ కథ ఒక్కటి చూస్తే చాలు. అంతకుముందు దాని పద్దు 9.06 బిలియన్ డాలర్లు. 2025 మేలో వైట్‌హౌస్ 3.9 బిలియన్లు చాలన్నది. జూలైలో ప్రతినిధుల సభ సబ్‌కమిటీ 7 బిలియన్లు, సెనెట్ కమిటీ 9 బిలియన్లు రాశాయి. రెండు సభల్లోనూ మెజారిటీ అధ్యక్షుడి పార్టీదే అని గుర్తుంచుకోండి. అక్టోబర్ 1 వచ్చేసరికి ఏ బిల్లూ పూర్తి కాలేదు, ప్రభుత్వం మూతపడింది. 43 రోజులు, అప్పటికి అమెరికా చరిత్రలోనే అతి పొడవైన షట్‌డౌన్. నవంబర్ 12న తాత్కాలిక ఏర్పాటుతో తెరుచుకుంది. చివరికి సీజేఎస్‌ను మరో రెండు బిల్లులతో కలిపి జనవరిలో రెండు సభలూ భారీ మెజారిటీతో ఆమోదించాయి. 2026 జనవరి 23న చట్టమైంది. ఎన్‌ఎస్‌ఎఫ్‌కు 8.75 బిలియన్లు.

నాసాకు వైట్‌హౌస్ అడిగింది 18.8 బిలియన్లు, చట్టం ఇచ్చింది సుమారు 24.4 బిలియన్లు. సైన్స్ పద్దు 3.9 బిలియన్లకు పడిపోవాల్సింది 7.25 దగ్గర నిలబడింది. అన్నీ బతికాయని కాదు. అంగారకుడి నుంచి మట్టి నమూనాలు తెచ్చే కార్యక్రమాన్ని అప్పటి రూపంలో కొనసాగించడానికి కాంగ్రెస్ కూడా ఒప్పుకోలేదు.

చిప్స్ అండ్ సైన్స్ చట్టం వేల కోట్లు ఇచ్చిందన్నారు కదా, అవి ఏమయ్యాయి?

ఇక్కడ చాలామంది, జర్నలిస్టులతో సహా, పొరబడతారు. అమెరికాలో డబ్బుకు రెండు మెట్లు ఉంటాయి. ఒక సంస్థ ఉండవచ్చు, ఇంత దాకా ఖర్చు చేయవచ్చు అని అనుమతించేది ఒక చట్టం. నిజంగా డబ్బు విడుదల చేసేది కేటాయింపు చట్టం, అంటే సీజేఎస్ లాంటిది. 2022 చిప్స్ అండ్ సైన్స్ చట్టంలో సెమీకండక్టర్ ఫ్యాక్టరీల డబ్బు నేరుగా కేటాయింపుగానే వచ్చింది. సైన్స్ భాగం మాత్రం ఎక్కువగా అనుమతి. అందులో ఎన్‌ఎస్‌ఎఫ్‌కు 2024లో 15 బిలియన్లకు పైగా ఖర్చు చేయవచ్చని రాశారు. ఆ ఏడాది సీజేఎస్ ఇచ్చింది 9.06. పెళ్లికి శుభలేఖ అచ్చేసినంత మాత్రాన ముహూర్తం ఖాయమైనట్టు కాదు. అనుమతి అంకెతో ఎవరైనా ప్రకటన చేస్తే, కేటాయింపు ఎంత అని అడగండి.

ఒక్క ఎంపీ తలుచుకుంటే నాసా ప్రాజెక్టు మారిపోతుందా?

సబ్‌కమిటీ ఛైర్మన్ అయితే, అవును. రెండు ఉదాహరణలు చాలు.

2011 జూలైలో ప్రతినిధుల సభ సీజేఎస్ సబ్‌కమిటీ జేమ్స్ వెబ్ టెలిస్కోపును పూర్తిగా రద్దు చేయాలని ప్రతిపాదించింది. ఖర్చు అదుపు తప్పిందన్నది కారణం, అది అబద్ధమూ కాదు. అప్పుడు సెనెట్ సీజేఎస్ సబ్‌కమిటీకి మేరీల్యాండ్ సెనెటర్ బార్బరా మికుల్‌స్కీ ఛైర్‌పర్సన్. వెబ్ పనులు నడిపే గొడార్డ్ కేంద్రం మేరీల్యాండ్‌లోనే ఉంది. ఆ ఏడాది చివరి చట్టంలో వెబ్ బతికింది, నిర్మాణ ఖర్చు 8 బిలియన్లు దాటకూడదనే షరతుతో. 2021 డిసెంబర్ 25న ప్రయోగించారు. ఇవాళ మనం చూస్తున్న ఆ బొమ్మలన్నీ ఒక సబ్‌కమిటీ బేరం మిగిల్చినవే.

రెండోది టెక్సాస్ సభ్యుడు జాన్ కల్బర్‌సన్ కథ. గురుగ్రహపు ఉపగ్రహం యూరోపా మంచు కింద జీవం ఉండవచ్చని ఆయనకు గట్టి నమ్మకం. 2015 నుంచి సబ్‌కమిటీ ఛైర్మన్‌గా ఉన్నంత కాలం నాసా అడిగిన దానికంటే ఎక్కువ డబ్బు యూరోపాకు పెట్టారు. అంతటితో ఆగకుండా, ఆ నౌకను నాసా సొంత భారీ రాకెట్ ఎస్‌ఎల్‌ఎస్ మీదే పంపాలని చట్టంలోనే రాయించారు. 2018 ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. రాకెట్ షరతును 2020 చివర్లో సడలించారు. యూరోపా క్లిపర్ 2024 అక్టోబర్ 14న స్పేస్‌ఎక్స్ రాకెట్ ఫాల్కన్ హెవీ మీద వెళ్లింది, 2030లో గురుగ్రహాన్ని చేరాలి. ఆయన కోరుకున్న ల్యాండర్ మాత్రం కాగితం దాటలేదు. డబ్బు ఇవ్వడం ఒకటి, ఏ రాకెట్ వాడాలో రాజకీయ నాయకులు నిర్ణయించడం ఇంకొకటి. మొదటిది వాళ్ల పని, రెండోది కాదనే నా అభిప్రాయం.

గొడార్డ్‌తో పాటు నోవా, నిస్ట్, సెన్సస్ బ్యూరో ప్రధాన కార్యాలయాలన్నీ మేరీల్యాండ్‌లోనే ఉన్నాయి. ఈ సబ్‌కమిటీలో ఆ రాష్ట్ర సెనెటర్లు ఎప్పుడూ కనిపించడం కాకతాళీయం కాదు. ఇప్పుడు అక్కడ డెమోక్రాట్ల తరఫున పెద్ద క్రిస్ వాన్ హోలెన్, ఆయనదీ మేరీల్యాండే.

బిల్లులో డబ్బు కాక ఇంకేమైనా ఉంటుందా?

ఉంటుంది. నా మటుకు నాకు బిల్లులో అసలు చదవాల్సింది అదే. 'ఈ డబ్బులో ఒక్క డాలరూ ఫలానా పనికి వాడకూడదు' అని ఒక వాక్యం చేరుస్తారు. వీటిని రైడర్లంటారు. విడిగా చట్టం చేయాలంటే ఏళ్లు పట్టేది, ఇక్కడ ఒక్క వాక్యంతో అయిపోతుంది.

చైనాతో నాసా నేరుగా పనిచేయకూడదన్న నిషేధం 2011లో ఇలా వచ్చిందే. అప్పటి ఛైర్మన్ ఫ్రాంక్ వుల్ఫ్ పేరుతో దాన్ని వుల్ఫ్ సవరణ అంటారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో చైనా లేకపోవడం వెనుక వైఖరి అంతకుముందు నుంచీ ఉన్నా, ఏటేటా దాన్ని చట్టంగా నిలబెడుతున్నది ఈ వాక్యం. మినహాయింపు కావాలంటే భద్రతకు ముప్పు లేదని కాంగ్రెస్‌కు ముందుగా ధ్రువీకరించాలి. చైనా తెచ్చిన చంద్రశిలల కోసం అమెరికా పరిశోధకులు దరఖాస్తు చేసుకోవడానికి 2023లో అలాగే వీలు కలిగింది.

గంజాయి విషయం ఇంకా విచిత్రం. ఫెడరల్ చట్టం ప్రకారం అది నేరం. కానీ వైద్య అవసరాలకు గంజాయిని అనుమతించిన రాష్ట్రాల చట్టాలకు అడ్డుపడటానికి జస్టిస్ శాఖ డబ్బు వాడకూడదని 2014 డిసెంబర్ నుంచి రైడర్ ఉంది. నేరం నేరంగానే ఉంది, పట్టుకోవడానికి డబ్బు లేదు. దీని ఆధారంగా 2016లో అప్పీలు కోర్టు కొన్ని కేసులకు అడ్డుకట్ట కూడా వేసింది. నేరాల్లో దొరికిన తుపాకుల జాడల సమాచారాన్ని ఏటీఎఫ్ బయటపెట్టకుండా ఆపే టియార్ట్ సవరణ 2003 నాటిది.

రైడర్ ఆయుష్షు సాధారణంగా ఒక్క ఏడాది. ప్రతి బిల్లులోనూ మళ్లీ రాయాలి. ఒక ఏడాది ఆ వాక్యం కనబడకపోతే వెంటనే లాబీయిస్టులు ఫోన్లు అందుకుంటారు.

చట్టంతో పాటు వచ్చే 'వివరణ ప్రకటన' ఏమిటి?

చట్టంలో నాసా సైన్సుకు ఇంత అని ఒకే అంకె ఉంటుంది. ఏ మిషన్‌కు ఎంత అన్న పట్టిక ఈ ప్రకటనలో ఉంటుంది. సాంకేతికంగా చాలా భాగం చట్టం కాకపోయినా సంస్థలు దాన్ని శిరసావహిస్తాయి, వచ్చే ఏడాది మళ్లీ అదే సబ్‌కమిటీ ముందు నిలబడాలి కదా. 2025 ఆర్థిక సంవత్సరానికి పూర్తి బిల్లు లేకుండా, పాత అంకెలనే ఏడాదంతా పొడిగిస్తూ మార్చి 15న చట్టం చేశారు. దానికి ఈ పట్టిక జత కాలేదు. పైకి చూస్తే అంకెలు మారలేదు, లోపల మాత్రం ఆ డబ్బును ఎటు తిప్పాలన్న స్వేచ్ఛ వైట్‌హౌస్‌కు బాగా పెరిగింది. 'పాత బడ్జెట్టే కొనసాగింది' అన్న శీర్షిక అందుకే మోసగిస్తుంది.

చట్టం అయ్యాక డబ్బు తప్పకుండా ఖర్చవుతుందా?

కావాలి. నిక్సన్ కాలంలో కాంగ్రెస్ ఇచ్చిన డబ్బును అధ్యక్షుడు బిగబట్టడంతో 1974లో ఇంపౌండ్‌మెంట్ నియంత్రణ చట్టం తెచ్చారు. దాని ప్రకారం ఏదైనా డబ్బు అక్కర్లేదనుకుంటే అధ్యక్షుడు కాంగ్రెస్‌ను అడగాలి. 45 రోజుల్లో కాంగ్రెస్ ఒప్పుకోకపోతే విడుదల చేయాలి.

2025 ఆగస్టులో వైట్‌హౌస్ ఒక కొత్త దారి తొక్కింది. ఆర్థిక సంవత్సరం ముగియడానికి 45 రోజులు కూడా లేనప్పుడు సుమారు 4.9 బిలియన్ డాలర్ల విదేశీ సాయాన్ని రద్దు చేయమని అడిగింది. గడువు గడిచేలోగా సంవత్సరమే అయిపోతుంది, డబ్బు మురిగిపోతుంది. సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ డబ్బును ఆపి ఉంచడానికి తాత్కాలికంగా వీలిచ్చింది. అది సీజేఎస్ డబ్బు కాదు. కానీ దారి ఒకటి పడ్డాక అది ఒక్క శాఖకే ఆగుతుందన్న నమ్మకం లేదు. అదే ఏడాది ఎన్‌ఎస్‌ఎఫ్ అప్పటికే మంజూరు చేసిన వెయ్యికి పైగా గ్రాంట్లను మధ్యలో రద్దు చేసింది, కొన్ని కోర్టులకు వెళ్లాయి. చట్టంలోని అంకెను నమ్మాలని పైన చెప్పాను. దాంతో పాటు ఆ అంకె నిజంగా ఖర్చవుతోందా అన్నది కూడా ఇప్పుడు చూడాల్సి వస్తోంది.

షట్‌డౌన్ వస్తే ఈ సంస్థల్లో ఏం ఆగుతుంది?

కేటాయింపు లేకుండా ఖర్చు చేస్తే చట్టవిరుద్ధం. 1980కు ముందు గడువు దాటినా ఆఫీసులు నడిచేవి. ఆ ఏడాదీ, 1981 జనవరిలోనూ అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి ఇచ్చిన అభిప్రాయాల తర్వాతే మూసివేతలు మొదలయ్యాయి. ప్రాణాలకు, ఆస్తులకు రక్షణ కల్పించే పనులు మాత్రం ఆగవు. అంటే తుపాను హెచ్చరికలు వస్తాయి, ఎఫ్‌బీఐ ఏజెంట్లు డ్యూటీ చేస్తారు, జైలు గార్డులు జైల్లోనే ఉంటారు, మామూలుగా ఎవరికీ ఆ రోజుల్లో జీతం పడదు. ఆ తర్వాత బకాయిలు చెల్లించాలని 2019లో చట్టం చేశారు.

2018 డిసెంబర్ 22 నుంచి 2019 జనవరి 25 దాకా 35 రోజులు నడిచిన షట్‌డౌన్‌లో సీజేఎస్ సంస్థలన్నీ ఇరుక్కున్నాయి. నిర్బంధంలో లేనివారి ఇమిగ్రేషన్ విచారణలు వేల సంఖ్యలో వాయిదా పడ్డాయి. వాటిలో కొన్నింటికి మళ్లీ తేదీ దొరకడానికి ఏళ్లు పట్టింది.

మన దేశంలో షట్‌డౌన్ ఎందుకు రాదు?

డబ్బు బిల్లు లోక్‌సభలో వీగిపోతే ప్రభుత్వమే పడిపోతుంది కాబట్టి. ఆలస్యమైతే ఓటాన్ అకౌంట్ ఉంది.

నేను ఎన్‌ఎస్‌ఎఫ్ గ్రాంట్ మీద ఆర్‌ఏగా (రీసెర్చ్ అసిస్టెంట్‌గా) ఉన్నాను. నా స్టైపెండ్ ఆగుతుందా?

మీ జీతం యూనివర్సిటీ ఇస్తుంది, గ్రాంట్ నుంచి రాబట్టుకుంటుంది. కాబట్టి షట్‌డౌన్ మొదలైన మర్నాడే ఏమీ జరగదు. మంజూరైన గ్రాంట్ మీద పని మామూలుగా సాగుతుంది. కొత్త గ్రాంట్లు, దరఖాస్తుల్ని సమీక్షించే ప్యానెళ్లు ఆగుతాయి. ఆ దెబ్బ నెలల తర్వాత, మీ గైడ్ తదుపరి ప్రాజెక్టు దగ్గర తెలుస్తుంది.

మీ గైడ్‌ను ఒక్క మాట అడగండి: గ్రాంట్ 'స్టాండర్డ్' రకమా, 'కంటిన్యూయింగ్' రకమా? మొదటి దాంట్లో మొత్తం డబ్బు ఒకేసారి కేటాయిస్తారు. రెండో దాంట్లో ఏటా విడతలుగా వస్తుంది, ప్రతి విడతా ఆ ఏడాది బడ్జెట్ మీద ఆధారపడుతుంది. రెండో రకమైతే, పైగా మీకింకా రెండు మూడేళ్లు మిగిలి ఉంటే, డిపార్ట్‌మెంట్‌లో టీఏ (టీచింగ్ అసిస్టెంట్) అవకాశం గురించి ముందే మాట్లాడి పెట్టుకోవడం మంచిది. వైట్‌హౌస్ ప్రతిపాదన చూసి పీహెచ్‌డీ మానేయాలన్న ఆలోచన మాత్రం తొందరపాటే.

హెచ్‌-1బీ, వీసా స్టాంపింగ్ మీద ఈ బిల్లు ప్రభావం ఉంటుందా?

దాదాపు లేదు. హైదరాబాద్ కాన్సులేట్ విదేశాంగ శాఖది. హెచ్‌-1బీ పిటిషన్లు చూసే యూఎస్‌సీఐఎస్ హోంల్యాండ్ సెక్యూరిటీలో ఉంది, ఎక్కువగా ఫీజులతో నడుస్తుంది. పిటిషన్‌కు ముందు కావాల్సిన ఎల్‌సీఏ అనే ధ్రువీకరణ కార్మిక శాఖ ఇస్తుంది. షట్‌డౌన్‌లో ఇరుక్కునేది అదే, 2013లోనూ 2025లోనూ అలాగే ఆగింది. అదీ వేరే బిల్లే.

సీజేఎస్ తగిలేది రెండు మూడు చోట్ల. జాతి, పుట్టిన దేశం పేరుతో ఉద్యోగంలో వివక్ష చూపారన్న ఫిర్యాదులు చూసే ఈఈఓసీకి డబ్బు ఇక్కడిది. ఎగుమతి ఆంక్షలున్న టెక్నాలజీ మీద విదేశీయులు పనిచేయాలంటే కొన్నిసార్లు బీఐఎస్ లైసెన్సు కావాలి. హెచ్‌-1బీ దరఖాస్తులో యజమాని దీని గురించి ధ్రువీకరించాల్సిన భాగం ఒకటుంది. ఇక ఎవరికైనా డిపోర్టేషన్ నోటీసు వస్తే వెళ్లాల్సిన ఇమిగ్రేషన్ కోర్టు పూర్తిగా ఈ బిల్లు పరిధిలోది. అక్కడ పేరుకుపోయిన కేసులు 30 లక్షలకు పైనే.

పేటెంట్ ఆఫీసు ఫీజులతో నడుస్తుందిగా, దానికి ఈ బిల్లెందుకు?

ఫీజు వసూలైనా ఖర్చు పెట్టాలంటే కాంగ్రెస్ అనుమతి కావాలి. నేర బాధితుల సహాయ నిధి కథ ఇంతకంటే రంజుగా ఉంటుంది. 1984లో పెట్టిన ఈ నిధిలోకి ఫెడరల్ నేరస్థులు కట్టే జరిమానాలు చేరతాయి, పన్ను సొమ్ము కాదు. ఏడాదికి ఇంతకు మించి తీయకూడదని సీజేఎస్ పరిమితి పెడుతుంది, 2024లో అది 1.353 బిలియన్ డాలర్లు. తీయని సొమ్మును కాగితం మీద 'ఆదా'గా చూపించి వేరే పద్దులకు చోటు చేసుకుంటారు. గృహహింస బాధితులకు ఆశ్రయమిచ్చే సంస్థలు దీని మీద ఏటా మొత్తుకుంటాయి, న్యాయంగానే.

తెలుగు రాష్ట్రాలకు నేరుగా సంబంధం ఏమైనా ఉందా?

ఉంది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నైసార్ ఉపగ్రహం నాసా, ఇస్రోల ఉమ్మడి పని. అందులో నాసా వంతు సీజేఎస్ బిల్లుల ద్వారా ఏటేటా వచ్చిందే. నేల కుంగడం, పంటలు, మంచు కదలికలను అది రాడార్‌తో కొలుస్తుంది.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ మన జాలర్లకు చేపల జాడలు, సునామీ హెచ్చరికలు ఇస్తుంది. సముద్రంలో తేలుతూ మునుగుతూ ఉష్ణోగ్రత, లవణీయత కొలిచే ఆర్గో పరికరాల సమాచారం కూడా అక్కడికి చేరుతుంది. ప్రపంచంలోని ఆ పరికరాల్లో సుమారు సగం అమెరికావి, ప్రధానంగా నోవా డబ్బుతో వేసినవి. నోవా పద్దు తగ్గితే బంగాళాఖాతం తుపాన్ల అంచనాల ముడిసరుకు కూడా కొంత తగ్గుతుంది.

ఇంకొకటి. అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 2017 నాటికే నాలుగు లక్షలు దాటారని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ అంకె సెన్సస్ బ్యూరో ఏటా చేసే అమెరికన్ కమ్యూనిటీ సర్వే నుంచి వచ్చింది. ఆ సర్వేకు డబ్బిచ్చేది ఇదే బిల్లు.

మా ఊరి పోలీస్ స్టేషన్‌కు పరికరాలు కొనడానికి కాంగ్రెస్ సభ్యుడు డబ్బు తెచ్చాడన్నారు. అదీ ఇదేనా?

చాలాసార్లు ఇదే. సభ్యులు తమ ప్రాంతంలోని నిర్దిష్ట ప్రాజెక్టులకు అడిగే డబ్బును ఇయర్‌మార్కులంటారు. 2011లో నిషేధించి, 2021లో కొత్త పేరుతో, కొత్త నిబంధనలతో తిరిగి తెచ్చారు. ఎవరు ఏం అడిగారో ఇప్పుడు బహిరంగంగా పెట్టాలి. మీరు అమెరికాలో ఉంటే మీ సభ్యుడి వెబ్‌సైట్‌లో ఆ జాబితా చూడవచ్చు. మన ఎంపీ ల్యాడ్స్‌తో పోలిక తోస్తుంది కానీ, ఇక్కడ సభ్యుడి పేరిట విడిగా నిధి ఏమీ ఉండదు. ప్రతి ప్రాజెక్టూ బిల్లులోకి ఎక్కాల్సిందే.

ఈ బిల్లును సొంతంగా చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కాంగ్రెస్ డాట్ గవ్‌లో అన్నీ ఉచితంగా దొరుకుతాయి. బిల్లు కంటే ముందు వివరణ ప్రకటన తెరవండి. చివర్లోని పట్టికలో పోయిన ఏడాది, వైట్‌హౌస్ అడిగింది, చివరికి ఇచ్చింది అని వరుసలు పక్కపక్కనే ఉంటాయి. మీకు సంబంధించిన సంస్థ దగ్గర ఆ మూడు అంకెలూ చూస్తే ఎవరు ఎంత దిగొచ్చారో తెలుస్తుంది. తర్వాత బిల్లు చివర సాధారణ నిబంధనల భాగానికి వెళ్లండి. ఐదు వందల నుంచి మొదలయ్యే సెక్షన్ నంబర్లతో ఉంటుంది. రైడర్లు ఎక్కువగా దాక్కునేది అక్కడే.